భర్త పోయాక అతని బిడ్డను కనొచ్చా? ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం)లో ఇంకా తేలని వాదన

క్యాన్సర్‌కి కీమో మొదలుపెట్టే ముందు వయసులో ఉన్న మగవాళ్లను డాక్టర్లు ఇప్పుడు ఒక మాట అడుగుతున్నారు, వీర్యం ఫ్రీజ్ చేయించుకుంటారా అని. మందుల వల్ల తర్వాత పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు కాబట్టి అలా అడగడం వాళ్ల బాధ్యత. చాలామంది సరే అని సంతకం పెడతారు. వాళ్లలో కొందరు జబ్బు నుంచి బయటపడరు. మనిషి పోయినా ల్యాబ్‌లో ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఆ శాంపిల్ ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) మధ్యలో ఉండగా భర్త ఏ యాక్సిడెంట్‌లోనో పోతే, అప్పటికే తయారైన పిండాలు కూడా అలాగే మిగిలిపోతాయి. భార్య చిన్న వయసులో ఉంటుంది, బిడ్డ కావాలనుకుంటుంది, అత్తమామలు కూడా కొన్నిసార్లు అదే కోరుకుంటారు. ముస్లిం కుటుంబమైతే డాక్టర్‌ని అడిగే ముందే, లేదా అడిగిన వెంటనే, ముఫ్తీ సాబ్‌ని (మత సందేహాలకు జవాబు చెప్పే పండితుణ్ని) అడుగుతారు.

సాధారణంగా వచ్చే జవాబు 'హరామ్' (నిషిద్ధం) అన్న ఒక్క మాట. మెజారిటీ సున్నీ పండితుల అభిప్రాయం అదే, అందులో తేడా లేదు. కానీ ఆ ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ పని చేయొచ్చా అనేది ఒకటి. చేశాక పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డ అనేది రెండోది. ఆ బిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా ఉందా అనేది మూడోది. మొదటిదానికి వచ్చిన 'కాదు' అన్న జవాబునే మిగతా రెండింటికీ అతికిస్తే నష్టపోయేది ఏ తప్పూ చేయని బిడ్డ. అందుకే వీటిని విడదీసి చూడాలి.

ముందు ఐవీఎఫ్ సంగతి. ఇస్లాం టెస్ట్‌ట్యూబ్ బేబీని ఒప్పుకోదని ఇప్పటికీ కొంతమంది అనుకుంటారు, అది నిజం కాదు. ఇంగ్లండ్‌లో 1978లో మొదటి ఐవీఎఫ్ శిశువు పుట్టింది, రెండేళ్లు తిరగకుండానే 1980 మార్చిలో అప్పటి ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ జాద్ అల్ హఖ్ అలీ జాద్ అల్ హఖ్ ఫత్వా ఇచ్చారు. భర్త వీర్యం, భార్య అండం, భార్య గర్భం అయితే తప్పు లేదు, మూడో మనిషి ప్రమేయం ఉంటే మాత్రం కూడదు అన్నది దాని సారం. మక్కాలోని ఫిఖ్ కౌన్సిల్ 1984లో ఇంకో అడుగు ముందుకేసి, ఒకే భర్తకు ఇద్దరు భార్యలుంటే ఒకరి పిండాన్ని రెండో ఆమె మోయొచ్చని కూడా అంది, కానీ 1985లో ఆ మాటను వెనక్కి తీసుకుంది. తర్వాత 1986లో జెద్దా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ అమ్మాన్‌లో సమావేశమై ఏడు పద్ధతులను పేర్కొంది. అందులో ఐదు నిషిద్ధం, రెండు అవసరం ఉన్నప్పుడు అనుమతించదగినవి. ఆ రెండూ భార్యాభర్తల మధ్యే జరిగేవి.

ఆ ఏడు పద్ధతుల జాబితాలో భర్త మరణం ప్రస్తావన విడిగా లేదు. 'భర్త వీర్యం', 'అతని భార్య' అన్న మాటలున్నాయి. కాబట్టి వాదన అంతా ఒకచోటికి వచ్చి ఆగుతుంది: వితంతువు ఇంకా భార్యేనా? నిఖా (పెళ్లి బంధం) ఏ క్షణంలో ముగుస్తుంది?

దీనికి పాత ఫిఖ్‌లో దొరికే దగ్గరి ఆధారం విచిత్రంగా మయ్యత్ (మృతదేహం) స్నానం దగ్గర ఉంది. మొదటి ఖలీఫా అబూ బకర్ (రజి) చనిపోయినప్పుడు ఆయన భార్య అస్మా బింత్ ఉమైస్ ఆయనకు గుస్ల్ (ఆ చివరి స్నానం) ఇచ్చారు. భార్య చనిపోయిన భర్తకు స్నానం చేయించడానికి నాలుగు మజ్‌హబ్‌లూ (హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ అనే సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాలు) ఒప్పుకుంటాయి. నిఖా ఊపిరితోపాటే పూర్తిగా తెగిపోతే ఆమె ఆ దేహాన్ని ఎలా తాకగలదు? కాబట్టి ఏదో ఒక బంధం మిగిలే ఉందన్నమాట. భర్త భార్యకు గుస్ల్ ఇవ్వొచ్చా అన్నదగ్గర మాత్రం తేడా వస్తుంది. అలీ (రజి) తన భార్య ఫాతిమా (రజి)కి ఇచ్చారన్న కథనం ఆధారంగా మాలికీ, షాఫియీ, హంబలీ పండితులు ఇవ్వొచ్చంటారు, హనఫీలు కూడదంటారు. హనఫీల లెక్క ప్రకారం భార్య చనిపోగానే భర్త వైపు నుంచి నిఖా ముగిసిపోతుంది, అతను మర్నాడే ఆమె చెల్లెల్ని చేసుకోవచ్చు. భర్త పోతే భార్య మాత్రం ఇద్దత్‌లో (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువులో) ఉంటుంది కాబట్టి ఆమె వైపు నుంచి బంధం కొంతకాలం నిలిచి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే కాబట్టి ఈ తేడా ఇక్కడి పాఠకులకు పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు.

మైనారిటీలో ఉన్న కొందరు సున్నీ పండితులు ఈ తీగనే పట్టుకుని లాగారు. ఖురాన్ (2:234) ప్రకారం వితంతువు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఆ గడువులో ఆమె మరో పెళ్లి చేసుకోకూడదు, ఎవరూ సూటిగా పెళ్లి ప్రస్తావన కూడా తేకూడదు. అంటే నిఖా ప్రభావం ఇంకా ఉంది, కాబట్టి భర్త వీర్యమేనని గట్టి రుజువుంటే ఆ గడువులోపల గర్భం దాల్చడంలో తప్పు లేదు అన్నది వాళ్ల వాదన. దీనికి మెజారిటీ ఇచ్చే సమాధానం బలంగానే ఉంది. ఇద్దత్ పెట్టిందే కడుపులో బిడ్డ ఉందో లేదో తేలడానికి, భర్త కోసం శోకం పాటించడానికి, కొత్తగా గర్భం మొదలుపెట్టడానికి కాదు. గర్భవతి ఇద్దత్ ప్రసవంతో ముగుస్తుందని ఖురాన్ (65:4) చెబుతోంది కాబట్టి, మూడో నెలలో క్లినిక్‌కి వెళ్లి గర్భం దాలిస్తే ఆ స్త్రీ ఇద్దత్‌ని ఆమే పొడిగించుకున్నట్టవుతుంది. గడువును కొలవడానికి పెట్టిన నియమాన్ని గడువును మార్చడానికి వాడుకోవడం కుదరదు. పైగా గుస్ల్‌కి ఒప్పుకున్నంత మాత్రాన నిఖా హక్కులన్నీ మిగిలినట్టు కాదు. ఆమెకు మహర్ (పెళ్లప్పుడు భర్త ఇస్తానన్న సొమ్ము) బాకీ చెల్లించాలి, ఆస్తిలో వాటా పంచాలి, ఇవన్నీ మరణంతో నిఖా ముగిసిందన్న లెక్క మీదే జరుగుతాయి.

ఇక్కడ షాఫియీ పండితుల పాత చర్చ ఒకటి చెప్పుకోవాలి. ఈ అంశం మీద రాసేవాళ్లు చాలామంది దీన్ని వదిలేస్తారు, కానీ ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా దగ్గరిది. కలయిక లేకుండా స్త్రీ తన భర్త వీర్యాన్ని తానే గర్భంలోకి చేర్చుకుంటే ఏమవుతుందన్నది మధ్యయుగపు ఫకీహులు (ధర్మశాస్త్ర పండితులు) కూర్చుని ఆలోచించిన ప్రశ్న. ల్యాబ్‌లు, ఫ్రీజర్‌లు లేని కాలంలో కూడా వాళ్లు దాన్ని వదల్లేదు. 1058లో చనిపోయిన మావర్దీ తమ మజ్‌హబ్ పండితుల మాటగా చెప్పింది ఏమిటంటే, వీర్యం బయటికి వచ్చినప్పుడూ గర్భంలోకి చేరినప్పుడూ రెండు వేళల్లోనూ ఆమె అతని భార్యగానే ఉండాలి. భార్యగా ఉన్నప్పుడు వచ్చిన వీర్యాన్ని పూర్తిగా విడాకులైన తర్వాత చేర్చుకుంటే ఆ బిడ్డ అతనికి చెందదు. ఈ మాట అలాగే నిలబడితే ఇవాళ్టి కేసుకు జవాబు దొరికినట్టే. కానీ 16వ శతాబ్దంలో ఖతీబ్ షిర్బీనీ ఇదే మాటను ఉటంకిస్తూ, ఇది అవసరమైన షరతులా కనబడదని, వీర్యం వ్యభిచారం వల్ల వచ్చింది కాకపోతే చాలని రాశారు. వీర్యం బయటికి వచ్చిన వేళను చూస్తే చాలన్న వాళ్లు తర్వాతి షాఫియీ పండితుల్లో ఉన్నారు.

అంటే దాదాపు ఐదు వందల ఏళ్ల కిందటే ఈ చర్చ రెండు దారులుగా చీలింది. అక్కడ జరుగుతున్న చర్చ ఆ పని ధర్మమా కాదా అన్నది కాదు, పుట్టిన బిడ్డకు నసబ్ (తండ్రి వైపు వంశం) ఉందా లేదా అన్నది. ఈ తేడాను వాళ్లు అంత స్పష్టంగా పట్టుకున్నారు, ఇవాళ్టి చాలా ఫత్వాల్లో ఆ స్పష్టత కనబడదు. హైదరాబాద్ బార్కస్‌లోని యెమెనీ మూలాల కుటుంబాలు, కేరళ మాప్పిళ్లలు షాఫియీలే, వాళ్లకిది సొంత మజ్‌హబ్‌లో మాట.

దాచింది వీర్యం కాకుండా పిండమైతే పరిస్థితి కొంచెం మారుతుంది. అండం, వీర్యం కలిసింది భర్త బతికుండగా, నిఖా ఉండగా, ఇద్దరి ఇష్టంతో. మిగిలింది దాన్ని గర్భంలో పెట్టడమే. కాబట్టి ఇది భర్త పోయేనాటికి భార్య కడుపుతో ఉండటం లాంటిదేనని వాదించేవాళ్లున్నారు. వీర్యం కేసుకన్నా ఈ వాదనకు బరువెక్కువన్నది నిజం. అయితే 1990లో జెద్దా అకాడమీ మిగిలిపోయిన పిండాల మీద చేసిన తీర్మానం చూస్తే, అసలు అవసరానికి మించి పిండాలు తయారు చేయొద్దని, మిగిలితే వైద్యసాయం లేకుండా వాటంతటవే ముగిసేదాకా వదిలేయాలని ఉంది. గర్భం బయట ఉన్న పిండాన్ని కడుపులో బిడ్డతో సమానంగా చూసి ఉంటే అలా వదిలేయమనేవాళ్లు కాదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా (ఫత్వాలు ఇచ్చే అధికారిక సంస్థ) పిండాల ఫ్రీజింగ్‌ని ఒప్పుకుంటూనే, నిఖా నిలిచి ఉన్నంతవరకే వాటిని గర్భంలో పెట్టాలని, మరణమో విడాకులో వచ్చాక కూడదని షరతు పెట్టింది.

కొన్ని ముస్లిం దేశాలు దీన్ని ఫత్వాలకు వదలకుండా చట్టంలోనే రాసేశాయి. అల్జీరియా కుటుంబ చట్టంలో 2005లో చేర్చిన నిబంధన ప్రకారం కృత్రిమ గర్భధారణ చట్టబద్ధమైన పెళ్లిలో, ఇద్దరి అంగీకారంతో, ఇద్దరూ బతికుండగానే జరగాలి. ట్యునీషియా 2001 చట్టం కూడా ఇద్దరూ సజీవంగా ఉండాలనే అంటుంది. అదే పాలస్తీనాలో చూడండి, ఇజ్రాయెల్ జైళ్లలో దీర్ఘకాల శిక్షలు పడిన ఖైదీల వీర్యాన్ని రహస్యంగా బయటికి తెప్పించి భార్యలు పిల్లల్ని కనడం 2012 నుంచి జరుగుతోంది. రెండు కుటుంబాల వాళ్లూ సాక్షులుగా ఉండాలి, ఊరందరికీ తెలియాలి లాంటి షరతులతో అక్కడి ముఫ్తీలు ఒప్పుకున్నారు. భర్త కంటికి కనబడకపోయినా బతికున్నాడు, నిఖా ఉంది. దూరం అడ్డు కాలేదు, కలయిక లేకపోవడం అడ్డు కాలేదు. మరణం ఒక్కటే అడ్డు.

షియా ఫిఖ్‌లో దారి వేరు, అక్కడ మర్జాలు (షియాలు అనుసరించే అగ్ర మతపండితులు) అందరిదీ ఒకే మాట కూడా కాదు. ఇరాన్‌లో ఆయతుల్లా ఖమేనీ 1999లో దాతల వీర్యం, అండం వాడటానికి కూడా షరతులతో ఒప్పుకుంటూ ఫత్వా ఇచ్చారు, 2003లో పిండాల దానం మీద ఇరాన్ పార్లమెంటు చట్టం చేసింది. మూడో మనిషినే ఒప్పుకున్నప్పుడు చనిపోయిన భర్త సంగతేమిటన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. భర్త పోయాక అతని వీర్యంతో భార్య అండాన్ని ఫలదీకరించి ఆమె గర్భంలో పెట్టొచ్చా అని అడిగితే ఖమేనీ ఇచ్చిన జవాబులో మూడు ముక్కలున్నాయి: ఆ పనిలో దానికదిగా అభ్యంతరం లేదు, బిడ్డ ఆ తల్లికి చెందుతుంది, వీర్యం ఎవరిదో అతనికి కూడా చెందుతుందనడం అసంభవమేమీ కాదు, కానీ అతని నుంచి వారసత్వం రాదు.

ఈ జవాబుతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా దాని పద్ధతి గమనించదగ్గది. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు విడివిడిగా ఇచ్చింది. దాదాపు ఇలాంటి విభజనే మతంతో సంబంధం లేని ఇంకోచోట కూడా జరిగింది. ఇంగ్లండ్‌లో డయాన్ బ్లడ్ అనే ఆమె చనిపోయిన భర్త వీర్యంతో గర్భం దాల్చడానికి కోర్టుల్లో పోరాడి 1997లో దారి తెచ్చుకుంది. తర్వాత పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు రాయించడానికి మళ్లీ పోరాడాల్సి వచ్చింది. 2003లో బ్రిటన్ చట్టం మార్చి తండ్రి పేరు నమోదుకు ఒప్పుకుంది, వారసత్వ హక్కు మాత్రం ఇవ్వలేదు.

వారసత్వం దగ్గర ఇంత గట్టిగా ఉండటానికి కారణముంది. ఇస్లామిక్ వారసత్వంలో మొదటి షరతు, మనిషి చనిపోయే క్షణానికి వారసుడు ఉనికిలో ఉండాలి. కడుపులో ఉన్న బిడ్డకు మినహాయింపు ఉంది, బతికి పుడితే వాటా వస్తుంది, అప్పటిదాకా కొడుకు వాటానో కూతురి వాటానో ఏది ఎక్కువైతే అది పక్కన పెట్టాలంటారు హనఫీలు. ఫ్రీజర్‌లో ఉన్న వీర్యం బిడ్డ కాదు, కాబట్టి దానికి ఈ మినహాయింపు వర్తించదు. వర్తిస్తుందంటే ఏమవుతుందో ఆలోచించండి. భర్తకు సంతానం లేకపోతే వితంతువుకు నాలుగో వంతు వస్తుంది, ఉంటే ఎనిమిదో వంతే. కొడుకు ఉంటే చనిపోయినవాడి అన్నదమ్ములకు ఏమీ రాదు. అంటే ఏడేళ్ల తర్వాత కూడా ఒక బిడ్డ పుట్టొచ్చనుకుంటే ఆ ఏడేళ్లూ ఎవరి వాటా ఎంతో తేలదు, పంచిన ఆస్తిని వెనక్కి అడగాల్సి వస్తుంది. సున్నీ పండితుల భయంలో పెద్ద భాగం ఇదే, ఇది అర్థం లేని భయం కాదు.

కానీ ఆస్తి గొడవకు పరిష్కారంగా నసబ్‌ని తీసేయడం సరికాదు. నసబ్ అంటే ఒక్క ఆస్తే కాదు. తాత, నానమ్మ ఎవరు, ఎవరు మహ్రమ్ (పెళ్లి కుదరని దగ్గరి బంధువు), ఎవరిని పెళ్లి చేసుకోకూడదు, కూతురైతే ఆమె నిఖాకి వలీ (ఆమె తరఫు పెద్ద) ఎవరు, ఇవన్నీ దాని మీదే ఆధారపడతాయి. నసబ్ లేదన్న బిడ్డను తల్లి వంశానికే చేర్చుతారు, తల్లి నుంచే వారసత్వం వస్తుంది. తండ్రి ఎవరో డీఎన్ఏతో సహా తెలిసి, ఆయన సంతకం కాగితం మీద ఉండి, ఆయన తల్లిదండ్రులు చేతులు చాచి ఎదురుచూస్తుంటే ఆ బిడ్డను తండ్రి లేనివాడిగా ప్రకటించడం న్యాయంగా కనిపించదు. పాత ఫకీహులు బిడ్డను తండ్రికి చేర్చడానికే ఎప్పుడూ మొగ్గు చూపారు, గర్భం గరిష్ఠ కాలం హనఫీలు రెండేళ్లని, షాఫియీలు నాలుగేళ్లని చెప్పారంటే దాని ఫలితం అదే, ఆలస్యంగా పుట్టిన బిడ్డ కూడా చనిపోయిన భర్త బిడ్డగానే నిలబడింది. ఈజిప్టు 1929 చట్టంతో దాన్ని ఒక ఏడాదికి కుదించింది. ఆ ఉదారతను ఇక్కడ కూడా చూపించొచ్చు: పని తప్పని చెబుతూనే, పుట్టిన బిడ్డకు వంశం ఉందనొచ్చు, వారసత్వం లేకపోయినా.

ఆస్తి విషయంలో వేరే దారులు కూడా లేకపోలేదు. మూడో వంతు వరకు వసీయత్ (వీలునామా) రాసే హక్కు ఉంది, కానీ ఇంకా ఉనికిలో లేని వ్యక్తికి రాస్తే హనఫీలలో చెల్లదు, మాలికీలు మాత్రం పుట్టబోయేవాళ్లకు కూడా రాయొచ్చంటారు. తాతయ్యలు బతికుంటే బిడ్డ పుట్టాక హిబా (బతికుండగానే ఇచ్చే దానం) చేయొచ్చు, దానికి ఏ మజ్‌హబ్‌లోనూ అడ్డు లేదు.

ఇప్పటిదాకా చెప్పింది భర్త పోయిన సందర్భం. భార్య పోతే దారి మరింత ఇరుకు. దాచిన పిండాన్ని మోయడానికి ఇంకో గర్భం కావాలి, సరోగసీని సున్నీ పండితులు దాదాపు అందరూ కాదంటారు, రెండో భార్య గర్భం దారిని మక్కా కౌన్సిల్ 1985లోనే మూసేసింది.

మన దేశంలో సంగతి. 2021 ఏఆర్‌టీ (సంతానం కోసం వైద్య పద్ధతుల సాయం) చట్టం ప్రకారం మరణించాక వీర్యమో అండమో సేకరించాలంటే ముందస్తు అంగీకారం ఉండాలి. కోర్టుల మాట ఒకేలా లేదు. 2021లో కలకత్తా హైకోర్టు చనిపోయిన కొడుకు వీర్యం మీద తండ్రికి హక్కు లేదంది, 2024 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు క్యాన్సర్‌తో పోయిన పెళ్లికాని యువకుడి శాంపిల్‌ని తల్లిదండ్రులకు ఇవ్వమంది. ఢిల్లీ కేసులాంటిది ముస్లిం కుటుంబంలో వస్తే ఫిఖ్‌లో ఏ మజ్‌హబ్ కూడా సాయం చేయదు, ఎందుకంటే అక్కడ నిఖాయే లేదు, ఎవరి గర్భమన్నా పరాయి గర్భమే. చట్టం ఇచ్చిన అనుమతి, ధర్మం ఇచ్చే అనుమతి ఇక్కడ పూర్తిగా విడిపోతాయి. భర్త పోయిన 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకపోతే అతని బిడ్డేనని 2023 భారతీయ సాక్ష్య అధినియం గట్టిగా ఊహిస్తుంది, ఆ గడువు దాటితే ఆ ఊహ ఉండదు, రుజువు చేసుకోవాలి. వారసత్వం 1937 షరియత్ చట్టం కింద ముస్లిం పర్సనల్ లా ప్రకారమే నడుస్తుంది కాబట్టి పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఎప్పుడో ఒకరోజు ఏదో సివిల్ కోర్టు ముందుకు వస్తాయి. ఫత్వాకు కోర్టు తీర్పులా కట్టుబడాల్సిన బలం లేదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, అయినా కుటుంబాలు, మహల్లా పెద్దలు దాన్నే పట్టుకుంటారు.

అందుకే ఈ ప్రశ్నను మనిషి పోయాక కాదు, ఫ్రీజింగ్ కాగితాల మీద సంతకం పెట్టే రోజే అడగాలి. భార్యాభర్తల్లో ఒకరు చనిపోతే దాచినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఆ ఫారాల్లో ఉంటుంది, హడావుడిలో చాలామంది చదవకుండా టిక్ పెట్టేస్తారు. తమ మజ్‌హబ్ ప్రకారం ఏది కుదురుతుందో ముందే ముఫ్తీని అడిగి, వద్దనుకుంటే వద్దని స్పష్టంగా రాయాలి. రేపు ఒంటరిగా ఉన్న ఆ భార్య మీద అత్తమామల ఒత్తిడి రాకుండా ఆపేది ఆ ఒక్క కాగితమే. ఆయనకు పిల్లల మీద ఎంత ఆశ ఉండేదో గుర్తుచేస్తూ ఆమెను క్లినిక్‌కి నడిపించేవాళ్లు ఉంటారు, మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు ఇద్దత్ పూర్తవగానే ఖురాన్ ఆమెకు ఇచ్చిందన్న సంగతి మరిచిపోతారు. ముఫ్తీ దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా 'ఇది హలాలా హరామా' అని ఒక్క ప్రశ్నతో వెళ్లకుండా, అది వీర్యమా పిండమా, ఇద్దత్‌లో ఉన్నారా దాటిందా, రాతపూర్వక అంగీకారం ఉందా, ఇప్పటికే గర్భం వచ్చి ఉంటే బిడ్డ నసబ్ ఏమిటి అని విడివిడిగా రాసి అడగాలి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి.